డెమో క్లాసులో గుండె బొమ్మ

"ధమనులన్నీ మంచి రక్తాన్ని మోస్తాయి, సిరలన్నీ చెడు రక్తాన్ని మోస్తాయి."

ఇవాళ సాయంత్రం అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సు డెమో క్లాసుకి వెళ్తే, ఒక సార్ బోర్డు మీద గుండె బొమ్మ వేసి, గది నిండా కూర్చున్నవాళ్ళకు చెప్పిన మాట ఇది. రాత్రి పదకొండు దాటింది, ఇంకా నా తలలోంచి పోవడం లేదు. మా ఆయనతో చెప్తే "నీకెందుకు వాళ్ళ గొడవ, ఫీజెంతో కనుక్కున్నావా లేదా" అని అటు తిరిగి పడుకున్నాడు. ఈ వేళప్పుడు ఇంకెవరితో చెప్పను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్ని ధమనులూ అలా కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. ఊపిరితిత్తుల నుంచి తిరిగొచ్చే పుపుస సిరల్లోది ఆక్సిజన్ నిండిన రక్తం. గుండె నుంచి బయటికి తీసుకెళ్తే ధమని, గుండెకు తెస్తే సిర. బయాలజీ టీచర్‌గా పదో తరగతి పిల్లలకు ప్రసరణ పాఠంలో నేను ఏటా చెప్పేదే. చెయ్యెత్తి ఇదే మాట మర్యాదగా చెప్పాను. ఆ సార్ నవ్వి, "మేడమ్, ఎగ్జామ్‌కి అంత లోతు అవసరం లేదు" అన్నాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. బొమ్మ తుడిచేసి ముందుకెళ్ళిపోయాడు.

తప్పు చెప్పడం కంటే ఆ తుడిచెయ్యడం దగ్గరే నాకు ఎక్కువ మండింది. ఆ గదిలో ఉన్నవాళ్ళు రేపు రోగుల కాగితాలు చదవాల్సినవాళ్ళు.

మెడికల్ కోడింగ్ అంటే ఇదీ. అమెరికాలో ఎవరైనా ఆస్పత్రికి వెళ్తే, డాక్టరు రాసిన నోట్సు చదివి జబ్బుకో కోడు, చేసిన వైద్యానికో కోడు వెయ్యాలి. వాటిని చూసే ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు కడతారు. జబ్బుల కోడ్‌లకు అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10-సీఎం అనే జాబితా వాడుతున్నారు, అందులో 70,000 పైనే కోడ్‌లు ఉన్నాయి. ఆ పని చేసే ఆఫీసులు మన హైదరాబాదులో చాలా ఉన్నాయి. బయాలజీ చదివినవాళ్ళను తీసుకుంటారు. స్కూల్లో ఎన్నేళ్ళు చేసినా పెరగని జీతం అక్కడ పెరుగుతుందంటారు. అందుకే చైతన్యపురిలో మెట్రో ఎక్కి వెళ్ళాను. మైత్రీవనం దగ్గర దిగి నడుస్తుంటే చేతిలో పాంప్లెట్లు పెడుతూనే ఉన్నారు. జావా, డేటా సైన్స్, డెవాప్స్, వాటి మధ్యలో మెడికల్ కోడింగ్. హాస్టల్ పిల్లలు, పునుగుల బండ్లు, జెరాక్స్ షాపుల్లో కోర్సు నోట్సుల కట్టలు. ఎంతమంది జీవితాలు ఆ వీధిలో మారాయో తలుచుకుంటే నాకు ఆ చోటంటే గౌరవమే. అందుకే ఎక్కువ బాధేసింది.

క్లాసయ్యాక ఒక్కొక్కరినీ చిన్న క్యాబిన్‌లోకి పిలిచారు. కౌన్సెలర్ అమ్మాయి చిన్న పిల్ల, మా చెల్లి వయసుంటుంది. "టీచర్లు చాలామంది వస్తున్నారు మేడమ్, స్కూళ్ళలో ఏముంది చెప్పండి. ఇవాళే కడితే ఐదు వేలు తగ్గిస్తాం, రేపైతే ఫుల్ ఫీజు." ఉద్యోగం గ్యారంటీయేనా అని అడిగాను. "హండ్రెడ్ పర్సెంట్ అసిస్టెన్స్ మేడమ్" అంది. గ్యారంటీ అనలేదు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అసిస్టెన్సే అంది. పాపం ఆ పిల్లకూ టార్గెట్ ఉంటుంది, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ రేపటికి ఐదు వేలు పెరిగే చదువు ఏం చదువు? బయాలజీ మూణ్ణెల్లు వాయిదా వేస్తే మారిపోతుందా? ఇలా తొందరపెట్టి డబ్బు కట్టించుకునే పద్ధతి నాకు ఒంటికి పడదు. ఇంటి అవసరం కోసం వచ్చినవాళ్ళ దగ్గరే ఇలా చేస్తారు. ఆలోచించుకునే టైం ఇస్తే తిరిగి రారని భయం.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో నిలబడి ఆ గుండె బొమ్మ గురించే ఆలోచించాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను మొదటిసారి గొర్రె గుండెకాయ స్కూలుకి తీసుకెళ్ళిన రోజు.

పాఠంలోనే ఉంది ఆ కృత్యం. గొర్రె గుండెను తెచ్చి, గదుల్లో రక్తం లేకుండా బాగా కడిగి, రక్తనాళాల మొదళ్ళలోకి స్ట్రాలు దూర్చి, ఏ నాళం ఏ గదిలోకి తెరుచుకుంటుందో చూడాలి. చాలా స్కూళ్ళలో బొమ్మతో సరిపెడతారు. నేను పొద్దున్నే కొత్తపేటలో మటన్ షాపుకి వెళ్ళి గుండెకాయ కావాలి, పైన నాళాలు కొయ్యకుండా ఇవ్వండి భాయ్ అన్నాను. "ఆ పైపులు ఏం చేస్తారమ్మా, వండుకోడానికి పనికి రావు" అన్నాడు. పిల్లలకు చూపించాలని చెప్పాక కత్తి పక్కన పెట్టి, రెండు మూడు వెతికి, నాళాలు పొడుగ్గా ఉన్నది తీశాడు. తీసి నా ముందు పెట్టి, వేలితో ఒక పక్క నొక్కి, "ఈ పక్క కండ మందం అమ్మా, ఉడకడానికి టైం పడతది. ఆ పక్క తొందరగా ఉడుకుతది" అన్నాడు. గుండెలో ఎడమవైపు కింది గది, ఎడమ జఠరిక అది. రోజూ కోసే చేతికి అది తెలుసు. నేను ఆ మాట తీసుకెళ్ళి క్లాసులో అలాగే చెప్పాను.

క్లాసులో మొదట అందరూ ముక్కు మూసుకున్నారు. శాకాహారుల పిల్లలు ముగ్గురు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతామంటే సరే అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉండేది, నోరు విప్పేది కాదు, పేరు పిలిచినా లేచి నిలబడి నేల చూసేది. ఆ రోజు ముందుకొచ్చి రెండు గోడలనూ వేళ్ళతో పట్టుకుని చూసింది. "టీచర్, ఇటు గోడ ఎందుకింత మందం?" ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. ఒంటినిండా రక్తం తోసేది ఆ గదేనని, అవతలిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలని చెప్పాను. తర్వాత తనే స్ట్రా తీసుకుని పుపుస ధమనిలోకి దూర్చింది. అది కుడి జఠరికలోకి వచ్చింది. కాసేపు చూసింది. "అయితే ఇందులో ఆక్సిజన్ లేని రక్తం ఉంటది కదా టీచర్, మరి దీన్ని ధమని అంటరేంది?" అంది. ఎవరూ చెప్పలేదు, స్ట్రా చూసి తనే పట్టుకుంది. అమీర్‌పేట సార్ "అవసరం లేదు" అన్నది సరిగ్గా ఆ మాటే.

ఇంతవరకూ రాసి, ఇక ఆ కోడింగ్ వద్దు, బడే నా చోటు అని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. ఎందుకంటే ఆ రోజు సాయంత్రం ఏమైందో కూడా గుర్తుంది. కరస్పాండెంట్ గదికి పిలిచారు. నీసు వాసన అని ఎవరో పేరెంట్ ఫోన్ చేశారట. "టీచర్, పబ్లిక్ పరీక్షలో గుండె కోసి చూపించమంటారా? బిట్లు ప్రాక్టీస్ చేయించండి చాలు, అంత అవసరం లేదు" అన్నారు.

అక్కడా ఇదే మాట. బడి అంటే నేను ఏదో పవిత్రంగా తలుచుకుంటున్నాను గానీ, ఏప్రిల్ వస్తే చాక్‌పీసు పక్కనపెట్టి ఎండలో సరూర్‌నగర్ కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు అడగాల్సింది మేమే. తేలేనివాళ్ళకు జీతం ఆలస్యం. మే నెలకు జీతమే లేదు. 2020లో బళ్ళు మూతపడ్డప్పుడు ఎలా బతికామో మీకు తెలుసు. 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తే రేషన్ షాపు ముందు లైన్లో నిలబడి తెచ్చుకున్నాం. ఆ బియ్యం మాకు నిజంగా అక్కరకొచ్చాయి. కానీ ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాళ్ళను నెల జీతం ఆగగానే లైన్లో నిలబెట్టిన బడిని తలుచుకుని ఎందుకు ఏడవాలి నేను?

రాత్రి అన్నం తిన్నాక, అప్పట్లో నాతోపాటు బయాలజీ చెప్పి, ఆ లాక్‌డౌన్ తర్వాత కోడింగ్‌లోకి వెళ్ళిన ఆమెకు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పింది. "అక్కా, మొదటి ఏడాది డబ్బుల కోసమైతే రాకు. నాకు మొదట్లో స్కూలు జీతమే వచ్చింది. సీపీసీ అని కోడింగ్ పరీక్ష ఉంటది, అది పాసయ్యి, కంపెనీ మారాకనే పెరిగింది." రోజుకి ఇన్ని చార్టులని టార్గెట్ అట, 95 శాతం కరెక్టుగా ఉండాలట, తగ్గితే ఆడిటర్ వెనక్కి పంపుతాడట. టార్గెట్ మాట వినగానే గుండె జారింది. ధమని సంగతి చెప్తే మాత్రం ఆమె నవ్వలేదు. "లోతు అవసరం లేదని ఎవరన్నరక్కా? కుడి మోకాలి కీలు అరిగితే ఎం17.11, ఎడమదైతే ఎం17.12. ఒక్క అంకె మారితే క్లెయిమ్ ఆగిపోతది, అవతల రోగికి బిల్లొస్తది" అంది.

ఆమె వాట్సాప్‌లో పంపిన రూల్స్ చదివాను. బీపీ, హార్ట్ ఫెయిల్యూర్ రెండూ ఉన్న రోగికి, రెండిటికీ సంబంధం లేదని డాక్టరు రాయకపోతే, ఉన్నట్టే తీసుకుని ముందు రెండూ కలిసిన కోడు ఐ11.0 వెయ్యాలి, తర్వాత హార్ట్ ఫెయిల్యూర్ కోడ్‌లు ఐ50లో సరిపోయేది. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా ఏళ్ళతరబడి తోసి తోసి ఎడమ జఠరిక అలసిపోతుంది. భాయ్ వేలితో నొక్కి చూపించిన గోడే. కాసేపు నిజంగా సంతోషమేసింది.

కాబట్టి ఆ ఇన్‌స్టిట్యూట్‌కి మాత్రం డబ్బు కట్టను, ఇవాళా కట్టను, రేపూ కట్టను. ఆ సీపీసీ పరీక్ష పెట్టేది ఏఏపీసీ అనే అమెరికా సంస్థ, వాళ్ళ మెంబర్‌షిప్ తీసుకుని నేరుగా రాయొచ్చు. 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు ముందు పెట్టుకునే రాయాలి, 70 శాతం వస్తే పాస్. అనుభవం లేదు కాబట్టి సర్టిఫికెట్ మీద మొదట్లో అప్రెంటిస్ అని ఉంటుంది, ఉండనీ. ఫీజు డాలర్లలో, అది తలుచుకుంటే టెన్షన్‌గానే ఉంది. మా ఆయనకు రెండు నెలలుగా సగం జీతమే వస్తోంది, పెద్దదాని ఇంటర్ ఫీజు జూన్‌లో కట్టాలి. అందుకే ఉద్యోగం వదలకుండా, ఆమె దగ్గరున్న పాత ఐసీడీ పుస్తకంతో మొదలుపెడతాను. కోడ్‌లు ఏటా అక్టోబరులో మారతాయి, పరీక్షకు కొత్త పుస్తకం కొనాల్సిందే గానీ నేర్చుకోవడానికి పాతది చాలు.

ఆదివారం బోడుప్పల్‌లో ఆమె ఇంటికి వెళ్తాను. బస్సులో ఆడవాళ్ళకు ఎలాగూ జీరో టికెట్టే. చిన్నదాన్ని కూడా తీసుకెళ్తాను, లేకపోతే అత్తమ్మను విసిగిస్తుంది. పుస్తకం చాలా బరువుంటుందట, పెద్ద సంచి తెచ్చుకోమంది.