ఇంట్లో కాదన్న పెళ్ళికి ఏ చట్టం, ఏ జాగ్రత్త

కులం పేరెత్తకుండా కులం మాట్లాడటం మన ఇళ్ళల్లో అందరికీ వచ్చు. "మాకేం పట్టింపుల్లేవు, చెల్లికి సంబంధాలు రావని", "వాళ్ళ పద్ధతులు వేరు", "నలుగురిలో తలెత్తుకోలేం". ఇవి విని విని, ప్రేమించుకున్నవాళ్ళకే పెద్దల ఒప్పుదల లేనిది పెళ్ళే కాదనిపిస్తుంది. చట్టం అడగని ఆ ఒప్పుదల కోసం ఏళ్ళు ఆగి, చివర్లో కంగారుగా ఏదో ఒక దారి పట్టుకుంటారు.

కులాంతరం అనగానే ప్రత్యేక వివాహ చట్టమే అనుకోవడం ఆ కంగారులోదే. ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం సరిపోతుంది. గుడిలో పెళ్ళి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు, ప్రత్యేక వివాహ చట్టంలోలా పెళ్ళి చేసుకుంటామని ముందే నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగే పని ఉండదు. కాకపోతే పెళ్ళి తంతు నిజంగా జరగాలి. తంతు లేకుండా ఒట్టి సర్టిఫికెట్‌తో హిందూ వివాహం అయిపోదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫొటోలు, గుడి రసీదు, పురోహితుడి వివరాలు భద్రంగా ఉంచుకోండి.

మతాలు వేరై, ఎవరూ మారకూడదనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేచోట పెడతారు. అసలు చిక్కు సెక్షన్ 6లో ఉంది: శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే అక్కడి వివాహ అధికారికీ కాపీ వెళుతుంది. హైదరాబాద్‌లో ఇచ్చిన నోటీసు ఏలూరులో గోడకెక్కుతుంది. పొలం రిజిస్ట్రేషన్‌కి వచ్చిన ఊరివాళ్ళెవరో చూస్తారు, సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. నోటీసు ఇచ్చే రోజుకే అమ్మాయి సురక్షితమైన చోట ఉండాలని చెప్పేది అందుకే.

అభ్యంతరం ఎవరైనా పెట్టొచ్చు, కానీ నిలిచేవి కొన్నే: బతికున్న భార్య లేదా భర్త ఉండటం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, వయసు (అబ్బాయికి 21, అమ్మాయికి 18) నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం (పెళ్ళికి చట్టం ఒప్పుకోనంత దగ్గరి చుట్టరికం). "మావాళ్ళు కాదు" అన్నది అందులో లేదు. అధికారి 30 రోజుల్లో తేల్చాలి. కాదంటే మరో 30 రోజుల్లోగా జిల్లా కోర్టుకు వెళ్ళొచ్చు. పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికే.

ఇళ్ళల్లో ముందుగా బీరువాలోకి వెళ్ళేది పదో తరగతి మెమో. వయసుకు రుజువు అదే కాబట్టి. ఆధార్‌తో పాటు దాని కాపీలు ముందే బయట ఉంచండి. తర్వాత వచ్చేది మిస్సింగ్ కేసు. మేజరైన అమ్మాయి తన ఇష్టంతోనే వచ్చానని మేజిస్ట్రేట్ ముందు చెబితే ఆమెను పుట్టింటికి పంపే అధికారం పోలీసులకు లేదు. ఇద్దరు మేజర్లు ఒప్పుకుంటే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బెదిరింపులుంటే ఆ తీర్పు పేరు రాసి ఎస్పీకి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఊపిరి పీల్చుకోవడం సహజమే. కానీ మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ప్రణయ్ హత్య పెళ్ళయిన నెలల తర్వాత, 2018 సెప్టెంబరులో జరిగింది. "జరిగిందేదో జరిగింది, ఇంటికి రండి" అని కబురొస్తే మొదటి కలయిక పుట్టింట్లో వద్దు. వకీలు ఆఫీసులోనో, నలుగురూ తిరిగే చోటో పెట్టుకోండి.

ఇక "ఆస్తిలో చిల్లిగవ్వ రాదు" అన్న మాట సగమే నిజం. స్వార్జితం వాళ్ళిష్టం, వీలునామాతో ఎవరికైనా రాయొచ్చు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురి వాటా మాత్రం కులాంతర వివాహంతో పోదు.