కామన్స్ సభలో దొరికిన ‘గారు’

పోయినేడు మా ఆడపడుచు మామగారు లండన్ చూడ్డానికి వచ్చి మా ఇంట్లో పది రోజులున్నారు. రిటైరైన హెడ్‌మాస్టరు, పెద్దమనిషి. మూడోరోజు పొద్దున ఆయన ఫోన్‌లో పేపరు చదువుకుంటుంటే, మా పన్నెండేళ్ళ పెద్దది పక్కన చేరి ఎంతో ప్రేమగా, “తాతగారూ, నువ్వు ఎప్పుడు వెళ్ళిపోతావు?” అంది. తిరుగు టికెట్ ఎప్పటికో కనుక్కుందామని దాని ఉద్దేశం. ఆయన పకపకా నవ్వేశారు. మా ఆయన మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. ఆ రాత్రి ఆడపడుచుకి ఫోన్ చేసి సంజాయిషీ చెప్పుకున్నాక గానీ నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు దాన్ని కూర్చోబెట్టి నువ్వుకీ మీరుకీ తేడా చెప్పబోయాను. “ఇంగ్లీష్‌లో అందరికీ ఒకటే ‘యూ’. ప్రైమ్ మినిస్టర్‌కైనా అదే, పిల్లిపిల్లకైనా అదే. తెలుగులోనే ముందు వయసు లెక్కేసుకుని ఆ తర్వాత నోరు తెరవాలి. ఇది ఫెయిర్ కాదు” అంది. నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. “మనం అలా అనకూడదంతే” అన్నాను. చిన్నప్పుడు మా అమ్మ ఈ మాట అంటే నాకు ఒళ్ళు మండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సోమవారం ఇన్‌సెట్ డే వచ్చింది. అంటే టీచర్లకి ట్రైనింగ్, పిల్లలకి సెలవు, మనకి తలనొప్పి. పైగా బయట వాన. పైసా ఖర్చు లేకుండా తలదాచుకునే చోటు కావాలని పార్లమెంటుకి తీసుకెళ్ళాను, అంతకుమించి గొప్ప ఆలోచనేమీ లేదు. ప్రధానిని ప్రశ్నలడిగే బుధవారమైతే ముందుగా మన ఎంపీ ద్వారా టికెట్ సంపాదించుకోకపోతే కష్టం. మిగతా రోజుల్లో క్రామ్‌వెల్ గ్రీన్ గేటు దగ్గర క్యూలో నిలబడితే చాలు. పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభ సోమవారం మొదలయ్యేది మధ్యాహ్నం రెండున్నరకి.

సెక్యూరిటీ దాటి, 1097 నుంచీ నిలబడి ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ హాలు దాటి, సెంట్రల్ లాబీకి చేరేసరికి స్పీకర్ ఊరేగింపు టైమైంది. అక్కడ మేళతాళాలేమీ ఉండవు. ముందు డోర్‌కీపర్, వెనక భుజాన రాజదండం మోస్తూ ఒకరు, ఆ వెనక నల్లగౌనులో స్పీకర్. బూట్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. అంతలో ఒక పోలీసు అధికారి గొంతు చించుకుని “హ్యాట్స్ ఆఫ్, స్ట్రేంజర్స్!” అని అరిచాడు. పోలీసులు కూడా టోపీలు తీసేశారు. మా ఎనిమిదేళ్ళవాడు ఉన్నిటోపీ లాగేసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, స్ట్రేంజర్స్ అంటే మనమేనా?”

వాడు తెలుగు మాట్లాడేది చుట్టుపక్కలవాళ్ళకి అర్థం కాకూడదనుకున్నప్పుడే. నాకు గుండెలో కలుక్కుమంది. తర్వాత తెలుసుకుని చెప్పాను, సభ్యులు కాని సందర్శకులందరినీ పాతకాలం నుంచీ ఇక్కడ అలాగే పిలుస్తారనీ, ఏడు తరాలుగా లండన్‌లోనే పుట్టినవాడైనా ఆ గుమ్మంలో స్ట్రేంజరేననీ. మేం కూర్చోబోయే గ్యాలరీకి కూడా ఒకప్పుడు స్ట్రేంజర్స్ గ్యాలరీ అనే పేరు. వాడికి ఆ సమాధానం చాలింది. నాకే కాస్త టైమ్ పట్టింది. నాది ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే. అయినా కామన్వెల్త్ దేశస్థురాలినని ఈ సభకి ఎంపీని ఎన్నుకోవడంలో ఓటేశాను. ఓటున్న పరాయిదాన్నన్నమాట.

సభ ప్రార్థనతో మొదలవుతుంది. అప్పుడు గ్యాలరీలోకి రానివ్వరు. అదయ్యాక లోపలికి పంపారు. మాకూ సభకీ మధ్య పెద్ద గాజుతెర. 2004లో అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ మీదికి గ్యాలరీ నుంచి ఎవరో ఊదారంగు పిండి విసిరారని చెప్తే, పిల్లలకి ఆరోజు దాకా చెప్పిన చరిత్రంతటిలోకీ అదే నచ్చింది. సభ టీవీలో కనిపించేంత పెద్దది కాదు. సభ్యులు 650 మంది, బెంచీల మీద పట్టేది 427 మందికి. ఆరోజు ఆ చోటు కూడా సగం ఖాళీ.

ఒక మంత్రిత్వశాఖకి ప్రశ్నల గంట నడుస్తోంది. జాబితాలో పేరు లేని ఎంపీలు స్పీకర్ కంట్లో పడాలని, ప్రతి జవాబు అవ్వగానే లేచి నిలబడతారు, పిలుపు రాకపోతే కూర్చుంటారు. మళ్ళీ లేస్తారు. చివరి వరసలో ఒకావిడ ఇలా పదకొండుసార్లు లేచి కూర్చున్నారని మావాడు వేళ్ళ మీద లెక్కేశాడు. “మా క్లాసులో చెయ్యెత్తితే సరిపోతుంది, పాపం” అన్నాడు.

పెద్దది మాత్రం చెవులు రిక్కించి వింటోంది. ఎవరూ ఎవర్నీ పేరుపెట్టి పిలవడంలేదు. సొంత పార్టీవాళ్ళయితే “మై ఆనరబుల్ ఫ్రెండ్”. ఎదుటి పక్షమైతే “ది ఆనరబుల్ జెంటిల్‌మన్”. రాజుగారి సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్లో ఉన్నవాళ్ళకైతే ముందు “రైట్” కూడా తగిలించాలి. మన పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి వరసలు గుర్తుపెట్టుకోవడం ఇంతకంటే తేలిక. ఇంతలో ఒక ఎంపీ ఆవేశంలో మంత్రి వైపు తిరిగి “వాట్ విల్ యూ డూ?” అనేశాడు. వెంటనే స్పీకర్ అడ్డుపడి, ఇక్కడ ‘యూ’ అంటే తానని, తానేమీ చెయ్యబోవడంలేదని అన్నారు. సభలో నవ్వులు. అసలు నియమం అదే. మాట్లాడేదంతా స్పీకర్‌తోనే, కాబట్టి ‘యూ’ ఆయన ఒక్కరికే. ఎదురుగా ఉన్న మనిషిని కూడా అక్కడ లేనట్టు “ఆయన” అనాలి, “ఆవిడ” అనాలి.

మా అమ్మాయి నావైపు తిరిగింది. నేను దాని చెవిలో, “అదిగో, వీళ్ళ గారు” అన్నాను. ఇన్నాళ్ళకి నోరు విప్పే అవకాశం దొరికింది మరి.

అది అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. “కానీ వాళ్ళు ఆనరబుల్ అంటూనే తిడుతున్నారు కదా” అంది. తిడుతున్నారు. మన ఇంట్లో మాత్రం? నాకు ఒళ్ళు మండినప్పుడు మా ఆయన్ని “తమరు ఈ చెత్త బయట పడేస్తారా?” అంటాను. ఆ ‘తమరు’లో గౌరవం ఎంతుందో ఆయనకీ తెలుసు, పిల్లలకీ తెలుసు. తిరుగు రైల్లో దానికి ఇంకో సంగతి చెప్పాను. సభలో తోటి సభ్యుణ్ణి అబద్ధాలకోరు అనకూడదు. అందుకే 1906లో చర్చిల్ అబద్ధం అనే మాటని చుట్టూ తిప్పి ‘టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్’, అంటే మాటల వాడకంలో కచ్చితత్వం లేకపోవడం, అన్నాడు. 2016 ఏప్రిల్‌లో డెనిస్ స్కిన్నర్ అనే ముసలి ఎంపీ ప్రధాని డేవిడ్ కామెరాన్‌ని ‘డాడ్జీ డేవ్’ (నమ్మదగని డేవ్) అని, ఆ మాట వెనక్కి తీసుకోనంటే స్పీకర్ ఆరోజుకి బయటికి పంపేశారు. “అంటే గేటు బయట ఎవరైనా అనొచ్చు, లోపల ఎంపీ అనకూడదా?” అని పడీపడీ నవ్వింది. రైలు దిగేదాకా తమ్ముణ్ణి ‘టెర్మినలాజికల్’ అని పిలుస్తూనే ఉంది.

రాత్రి మా నాన్న వీడియో కాల్ చేస్తే ఇద్దరూ ఫోన్ లాక్కుని మరీ చెప్పారు. ఆయన మొదటి ప్రశ్న, “వెల్‌లోకి ఎవరూ దూసుకెళ్ళలేదా?”. కార్పెట్ మీద రెండువైపులా ఎర్రగీతలుంటాయని, మాట్లాడేటప్పుడు అవి దాటకూడదని మావాడు వివరించాడు. “ఆ గీతలు మనవాళ్ళకి గీసి ఉంటే బాగుండేది” అన్నారు నాన్న. తర్వాత 1998 నుంచి 2002 దాకా లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారి గురించి, కోనసీమ మనిషి ఢిల్లీలో ఆ కుర్చీలో కూర్చోవడం గురించి ఓ పావుగంట చెప్పారు. మావాడికి అందులో అందిన ముక్క ఒక్కటే. తాతయ్య టీవీలో అసెంబ్లీ చూస్తున్నప్పుడు ప్రతి మాటకీ ముందు వినపడే “అధ్యక్షా” అంటే స్పీకర్‌ని పిలవడమట! అదేదో కామాలాంటిదని వాడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

లోక్‌సభలో తెలుగులో మాట్లాడినా అప్పటికప్పుడు అనువదించేవాళ్ళుంటారని నాన్న అంటే, పెద్దది వెంటనే అందుకుంది. “మరి వాళ్ళు గారుని ఏమంటారు?” నాన్న కాసేపు ఆలోచించి, మాట మార్చి వర్షాల గురించి మొదలుపెట్టారు.

తర్వాతి ఆదివారం మా ఆడపడుచు ఫోన్ చేసింది. మాటల మధ్యలో “మామయ్యగారు మాట్లాడతారట” అని ఫోన్ ఆయనకిచ్చింది. నేను చెయ్యి చాపేలోపే ఇటుపక్క ఫోన్ మా అమ్మాయి చేతికి పోయింది. గరిట పట్టుకుని ఊపిరి బిగబట్టాను.

“తాతగారు ఎలా ఉన్నారు? తాతగారి మోకాలినొప్పి తగ్గిందా? తాతగారు మళ్ళీ లండన్ ఎప్పుడొస్తారు?” అని గుక్కతిప్పుకోకుండా అడిగింది. నువ్వూ లేదు, మీరూ లేదు.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన గొంతు వినపడింది.

“ఏ తాతగారి గురించమ్మా?”