పద్దెనిమిది ఫీట్ల చెరువు

హన్మకొండ దాటి ములుగు తొవ్వ పట్టేసరికి ఇంకా చీకటి వీడలేదు. బండి మా మేనల్లుడు నడుపుతున్నాడు. వెనక నేను, భుజానికి కెమెరా సంచి, ఒళ్లో అడ్డంగా ట్రైపాడ్. మార్గశిరం చలి చెవుల్ని కొరుకుతోంది. ఆత్మకూరు దగ్గర చాయ్ తాగాం. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర మళ్లాం. సుమారు 70 కిలోమీటర్ల దారి. పాలంపేటలో దిగేటప్పటికి సూర్యుడు ఇంకా గుట్టల వెనకే ఉన్నాడు.

నాలుగేళ్లుగా మనసులో ఉన్న పని ఇది. రామప్ప చెరువును ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే కాగితం మీద, ముక్కలు లేకుండా ప్రింటు వేయించాలి. ఫోన్‌లో పనోరమా తీసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన బాధే. కట్ట మీద నిలబడి తిరుగుతూ తీస్తున్నప్పుడు ఎంతో విశాలంగా ఉంటుంది. ఇంటికొచ్చి తెర మీద చూస్తే నీళ్లూ గుట్టలూ కలిసి సన్నటి దారం పోగులా మిగులుతాయి. ఆ దారాన్ని మళ్లీ దారి చేయాలన్నదే నా కోరిక. పక్కన నడుస్తూ చూసేంత పొడుగు బొమ్మ కావాలి.

కట్ట మీద ట్రైపాడ్ నిలబెట్టి, దాని మీది లెవెల్ బుడగ చూసుకుని, కెమెరాను నిలువుగా బిగించాను. 85 మి.మీ. లెన్స్. కెమెరా తన ఒంటి మీద తాను తిరిగితే దగ్గరున్న తుమ్మకొమ్మ ఒక ఫొటోలో ఒక గుట్ట ముందు, మరో ఫొటోలో వేరే గుట్ట ముందు కనిపిస్తుంది. అతుకు కుదరదు. అందుకే లెన్స్ లోపలి చూపు బిందువు సరిగ్గా ట్రైపాడ్ ఇరుసు మీదికి వచ్చేలా కెమెరాను పట్టాల మీద వెనక్కి జరిపాను. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ చేత్తో పెట్టి కట్టేశాను. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ తీసి సంచిలో వేశాను. ఇంత వెడల్పు ఆకాశంలో అది ఒకచోట ముదురు నీలం, ఇంకోచోట వెలిసిన నీలం చేసి పెడుతుంది. పది డిగ్రీలకొక ఫొటో చొప్పున మొత్తం 20 ఫొటోలు. ప్రతి ఫొటోలో మూడోవంతుకు పైగా పక్కదానితో కలవాలి. మబ్బులు నడుస్తుంటాయి కాబట్టి 20 ఫొటోలూ రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఎండ గుట్టల మీదికి దిగిన ఆ కాసేపట్లో ఏడుసార్లు తీశాను.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం బిడ్డా, చెరువు కొలుస్తున్నరా?"

"లేదు తాతా, ఫొటో తీస్తున్న."

"ఒక్క ఫొటోకు గింత సేపా?"

ఆయన థర్మాకోల్ తెప్ప నీళ్లలో ఒక మోడుకు కట్టి ఉంది. ప్రింటయ్యాక తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను.

గుడికి వెళ్లకుండా రాలేం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నీళ్లలో తేలే ఇటుకల గురించి, మదనికల గురించి అందరూ చెప్తారు. ఆ రోజు నా కళ్లు మాత్రం గోడ కింది భాగంలో సాగే ఏనుగుల వరుస మీదే ఉన్నాయి. ఎక్కడ నిలబడ్డా ఆ వరుస మొత్తం కనిపించదు. నడవాల్సిందే. మూల తిరిగితే ఇంకా ఉంటుంది. పొడుగు బొమ్మను ఎలా చూడాలో ఆ శిల్పులకు ఎనిమిది వందల ఏళ్ల కిందే తెలుసు.

మర్నాడు జనగామ మీదుగా చేర్యాల వెళ్లాం. అసలు ఈ యాత్రలో నాకు ఎక్కువ నేర్పింది ఆ ఊరే. నకాషీ చిత్రకారులు బట్ట మీద గీసే పటాలంటే ఇప్పుడు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలూ మాస్కులే ఎక్కువగా అమ్ముడవుతున్నాయి గానీ, పటం పుట్టింది కథ చెప్పడానికి. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైబడ్డ పొడుగు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, ముదిరాజులకు పాండవుల కథ, గొల్లలకు కాటమరాజు కథ ఇట్లా ఒక్కో కులానికి ఒక్కో పటం, దాన్ని విప్పి పాడే కథకులు వేరు. పటం పైనుంచి కిందికి విప్పుకుంటుంది. కథ ఎంతదాకా వచ్చిందో బొమ్మ అంతదాకే కనిపిస్తుంది. మిగతాది చుట్టలోనే.

మేం వెళ్లిన ఇంట్లో ఖాదీ బట్టకు పూత వేస్తున్నారు. గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి మూడు పూతలు. ఒకటి ఆరాక ఇంకొకటి. పూత లేకపోతే రంగు బట్టలో పీల్చుకుపోతుందనీ, గీత నిలబడదనీ ఆ ఇంటి పెద్దమ్మ చెప్పింది. ఇంక్‌జెట్ కాగితం సంగతీ అచ్చం ఇదే. మామూలు కాగితం మీద ఇంకు పాకుతుంది. ఫొటో కాగితం మీద సన్నటి పూత ఒకటుంటుంది. ఇంకులోని పిగ్మెంట్, అంటే రంగు పొడి, రేణువుల్ని పట్టి నిలబెట్టేది అదే. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో గీసే గీతకూ, ప్రింటర్ హెడ్ జల్లే చుక్కకూ కింద ఆధారం ఒకటే.

"ఇంత పొడుగు బొమ్మ ఒకేసారి కనబడదు గదా, ఎట్ల గీస్తరమ్మా?" అని అడిగాను.

"చూసెటోడు ఏడ ఆగాల్నో మనం ముందుగాల్నే అనుకోవాలె బిడ్డా. ఆగే జాగ లేకుంటే కన్ను జారిపోతది" అంది.

ఆ రాత్రి లాడ్జిలో ల్యాప్‌టాప్ తెరిచి ఏడు వరుసలూ ఆ మాటతోనే చూశాను. నేను ఎంచిపెట్టుకున్నది మబ్బులు బాగున్న నాలుగోది. దాన్ని పక్కనపెట్టి ఆరోది తీసుకున్నాను. అందులో ప్రతి మూడు నాలుగు అడుగులకూ కన్ను ఆగే చోటుంది. తుమ్మకొమ్మ, నీళ్లలో నిలబడ్డ కొంగ, మోడు, దూరంగా పొగ, గుట్టల మధ్య సందు. హుగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అతికించాను. రెండు ఫొటోల్లో ఒకే చోటును చూపే గుర్తు బిందువులన్నీ గుట్టల మీదే పెట్టాను. అలలు ఏ రెండు ఫొటోల్లోనూ ఒకేలా ఉండవు కాబట్టి నీళ్ల మీద పెట్టినవి తుడిచేశాను. 200 డిగ్రీల చూపు, 49,000 పిక్సెళ్లకు పైగా పొడుగు. 22 అంగుళాల ఎత్తుకు 18 అడుగులు వస్తుంది.

హన్మకొండలో ఫ్లెక్స్ దుకాణాలకు కొదవ లేదు. ఎంత పొడుగంటే అంత వేసిస్తారు. కానీ ఫ్లెక్స్ రోడ్డు అవతలి నుంచి చూడడానికి. నాకు ముక్కు ఆనించి చూసే ప్రింటు కావాలి. పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక ల్యాబ్‌లో 24 అంగుళాల రోల్ తీసుకునే పిగ్మెంట్ ప్రింటర్ ఉంది.

"మూడు ముక్కలు చేద్దాం అన్నా, జాయింట్ కనవడది" అన్నాడు నడిపే తమ్ముడు.

"జాయింట్ కనబడకపోయినా చెయ్యి తగుల్తది తమ్మీ. ఒకటే కావాలె."

ముందు ఫైలే అడ్డం తిరిగింది. కంపెనీని బట్టి ప్రింటర్లు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కనో 360 లెక్కనో పనిచేస్తాయి. ఇక్కడిది 360. ఆ లెక్కకు పెంచితే పొడుగు 77,000 పిక్సెళ్లు దాటింది. ఫొటోషాప్ మామూలు ఫైలు పీఎస్‌డీ 30,000 దగ్గరే ఆగిపోతుంది. వాళ్లు రోజూ వాడే జేపెగ్ 65,535 దాటి పోదు. ఫొటోషాప్‌లోనే పెద్ద బొమ్మల కోసం ఉన్న పీఎస్‌బీలో దాచి, ప్రింటు కోసం టిఫ్ తీశాను. దాదాపు 1.9 జీబీ. డ్రైవర్‌లో కాగితం కొలత మిల్లీమీటర్లలో కొట్టి, ఆటో కట్ ఆపేసి, యూపీఎస్ చూసుకుని మొదలుపెట్టాం. మధ్యలో కరెంటు పోతే ఆ చోట గీత పడుతుంది, ఇక అది చెరిగేది కాదు.

పదకొండో అడుగు దగ్గర ప్రింటర్ ఆగిపోయింది. కాగితం పక్కకు జరిగిందని తెర మీద వచ్చింది. రోల్ ఎక్కించేటప్పుడు అంచు ఒక్క వెంట్రుకంత వంకర ఉన్నా ఆల్బమ్ షీట్‌కు ఏమీ కాదు, రెండడుగుల్లో కట్ అయిపోతుంది కదా. పొడుగు ప్రింటు ఆ తప్పును దాచదు, కూడబెడుతుంది. అడుగుకు ఒక మిల్లీమీటరు జరిగితే 18 అడుగులకు 18 మిల్లీమీటర్లు. తొందరలో రోల్ బిగువు నేనూ చూడలేదు. పదకొండడుగుల కాగితం, అంత ఇంకు పోయాయి. కొంగ దాకా వచ్చిన చెరువును చేత్తో చింపుతుంటే కడుపులో దేవినట్టయింది.

రెండోసారి అరగంట రోల్ మీదే గడిపాం. ఇరుసు మీద రోల్ రెండు వైపులా గట్టిగా ఆనిందా చూశాం. మూడడుగులు ఖాళీగా లాగి, అంచు మీద అంచు మడిచి, సమంగా ఉందని తేలాక వెనక్కి చుట్టాం. ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసే నాజిల్ చెక్ తీశాం. ఒక పేపర్ ముక్క మీద ఆకాశం మాత్రమే వేసి లైన్లు పడటంలేదని చూసుకున్నాం. బ్యాండింగ్ అనే ఈ లైన్లు నీలం ఆకాశంలోనే మొదట బయటపడతాయి. దుమ్ము అంటకుండా కింద శుభ్రమైన దుప్పటి పరిచి, మేనల్లుడు ఒక వైపు, నేను ఒక వైపు కూర్చున్నాం. హెడ్ అటూ ఇటూ తిరుగుతుంటే చెరువు అంగుళం అంగుళం కిందికి దిగింది. ముప్పావు గంట. పైనుంచి కిందికి, చుట్ట లోంచి విప్పుకుంటూ, వచ్చింది వచ్చినంతే కనిపిస్తూ. మాలో ఎవరమూ మాట్లాడలేదు. మోడు, దానికి కట్టిన తెప్ప దిగినప్పుడు మాత్రం మావాడు నా మోచెయ్యి తట్టాడు.

రాత్రంతా ల్యాబ్ గదిలోనే పరిచి ఆరనిచ్చాం. పొద్దున బటర్ పేపర్ కలిపి వదులుగా చుట్టి, హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న నాలుగంగుళాల నీళ్ల పైపులో పెట్టి మళ్లీ పాలంపేట బండెక్కాం.

పెద్దాయన ఇంటి దగ్గరే ఉన్నాడు. మావాడి భుజం మీది పైపు చూసి, "ఏంది, పటం తెచ్చిండ్రా?" అన్నాడు. అరుగు పొడుగు పన్నెండడుగులే. అందుకని మావాడు ఒక కొస విప్పుతుంటే నేను ఇంకో కొస చుడుతూ పోయాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, బొమ్మ పక్కన చిన్నగా నడుస్తూ, గుట్టల పేర్లు తనలో తాను చెప్పుకుంటున్నాడు. కొంగ దాటింది. పొగ దాటింది. గుట్టల సందు దగ్గరికి వచ్చాక టక్కున ఆగాడు.

"ఆగు ఆగు. జర ఎనకకు తిప్పు బిడ్డా. మోడు కాడ నా తెప్ప ఉండాలె."

మావాడు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాడు.