ఎంపీసీ చదివి అమెరికా బీఎస్‌కి అప్లై చేసినప్పుడు: నా అనుభవం

అమెరికాలో హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. మన దగ్గర తొమ్మిదో తరగతి మార్కుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈఏపీసెట్‌కీ (పాత ఎంసెట్) జేఈఈకీ వాటితో పనే లేదు. ఇంటర్ అవగానే అక్కడికి వెళ్లి బీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ డిగ్రీ) చేద్దామనుకున్న నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ ఒక్క ఏడాదే.

నేను ఎక్కువగా ఆశ పెట్టుకున్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మీద. వాళ్లకి 'ఏ టు జీ' అని ఒక జాబితా ఉంది. ఒక్కోటీ ఏడాది పాటు చదివిన కోర్సులు మొత్తం 15 చూపించాలి: ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు మూడేళ్లు, సైన్సు, సోషల్, ఇంగ్లిష్ కాకుండా ఇంకో భాష తలా రెండేళ్లు, కళలు ఒక ఏడాది, మనం ఎంచుకున్నది ఇంకొకటి. వీటిలో 11 ఆఖరి ఏడాది మొదలయ్యేలోపే అయిపోవాలి.

ఎంపీసీ వాళ్లకి లెక్కలు, సైన్సు గురించి దిగులే అక్కర్లేదు. టెన్త్ దాకా తెలుగు, హిందీ, ఇంటర్లో సంస్కృతం కాబట్టి భాషలకీ లోటు లేదు. పెద్ద చిక్కు సోషల్‌తోనే. టెన్త్‌తోనే దాన్ని వదిలేస్తాం కదా, తొమ్మిదో తరగతి కూడా చూపిస్తేనే రెండేళ్లు నిండుతాయి. దానికి బోర్డు మెమో ఉండదు, అన్నీ స్కూలు పరీక్షలే.

నాన్నా నేనూ స్కూలుకి వెళ్లాం. "టెన్త్ మెమో ఉంది కదమ్మా, తొమ్మిదోవి ఎవరడుగుతారు?" అన్నారు క్లర్కు గారు. హెడ్మాస్టర్ గారు మాత్రం బీరువా తీయించి పాత మార్కుల రిజిస్టరు వెతికించారు. పొడుగాటి పుస్తకం, ఎఫ్ఏలకి (మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షలు) కొన్ని గళ్లు, ఎస్ఏలకి (పెద్ద పరీక్షలు) కొన్ని గళ్లు, చివర ఎర్ర ఇంకుతో టోటళ్లు. అవన్నీ లెటర్‌హెడ్ మీద సబ్జెక్టుల వారీగా టైపు చేయించి, సంతకం పెట్టి ముద్ర వేసి ఇచ్చారు. ఆయన ఆ ఓపిక పట్టకపోతే నా అప్లికేషన్ ముందుకు కదిలేది కాదు.

కాలేజీలో ఇంకా కష్టమైంది. కామన్ యాప్ (ఒకే అప్లికేషన్‌ని చాలా వర్సిటీలకి పంపే వెబ్‌సైట్) ద్వారా వెళ్లే వర్సిటీలకి స్కూల్ కౌన్సెలర్ రిపోర్టు పంపాలి. మా కాలేజీలో కౌన్సెలర్ లేరు, ప్రిన్సిపాల్ గారే పంపాలి. జేఈఈ బ్యాచ్‌ల హడావుడిలో ఆయన దొరకడమే గగనం. చివరికి మా ఇంగ్లిష్ మేడమ్ దగ్గరుండి ఆ ఫారం పూర్తి చేయించారు.

అసలైన పని ఇంకొకటుంది. నా మెమో మీద 'గణితం 1బి, 75కి ఇన్ని' అని మాత్రమే ఉంది. అందులో కాల్క్యులస్ ఉందని అక్కడ చదివేవాళ్లకి తెలియాలంటే మనమే చెప్పాలి. ఎంఐటీ అయితే కాల్క్యులస్ దాకా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ కూడా చదివి ఉంటే మంచిదంటుంది. అందుకని ఒక పేజీ రాసుకున్నాను: 1బిలో అవకలనాలు, 2బిలో సమాకలనాలు, టెన్త్ సైన్సులో జీవశాస్త్రం, సెకండియర్ చివర్లో 30 మార్కుల చొప్పున ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. అప్లికేషన్లు చాలావరకు నవంబరు, జనవరి మధ్య వెళ్లిపోతాయి, ప్రాక్టికల్స్ ఆ తర్వాత. ఈ సంగతి రాయకపోతే ల్యాబ్ చదువే లేదనుకునే ప్రమాదం ఉంది. కళల కోర్సు మా బోర్డు సిలబస్‌లో లేదన్నది అదనపు వివరాల దగ్గర రెండు వాక్యాల్లో చెప్పాను.

మార్కుల్ని నాలుగు పాయింట్ల జీపీఏలోకి (అమెరికా పద్ధతి సగటు గ్రేడు) మార్చి పెడతామని ఒక కన్సల్టెన్సీ డబ్బులడిగింది. ఆ ఖర్చు పెట్టకండి. మెమోలో ఎలా ఉంటే అలాగే ఎక్కించమని కాలిఫోర్నియా వాళ్లే చెప్తారు. అడ్మిషన్‌కి ఎస్ఏటీ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) స్కోరు కూడా వాళ్లు చూడరు.

సీటు వచ్చాక కూడా కాగితాల పని ఉంటుంది. కాలిఫోర్నియా వాళ్లకి ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టులు (అధికారిక మార్కుల పత్రాలు) జూలై 1 లోపు పంపాలి, అవీ చదివిన చోటు నుంచే నేరుగా వెళ్లాలి. ఇంటర్ ఫలితాలు ఆన్‌లైన్లో ముందే వచ్చినా ఒరిజినల్ మెమో చేతికందడానికి టైం పడుతుంది. కాబట్టి ఫలితాలు వచ్చిన రోజు నుంచే కాలేజీ ఆఫీసులో అడుగుతూ ఉండండి. తొమ్మిది, పది తరగతులవి స్కూలు నుంచి వేరే కవర్లో, సీలు వేయించి పంపించుకోండి.