వీసా ఫొటోలో తెలుపు తేలట్లేదు: తెర మీద నీలం ఎక్కడిది?

ముఖం మీద లైటు కుదిరింది. కళ్ల కింద నీడ పోయింది. నూనె రాసిన జుట్టు మీద మెరుపు కూడా సాఫ్ట్‌బాక్స్‌ను (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) అర అడుగు పైకెత్తితే తగ్గిపోయింది. వెనక తెర మాత్రం నీలిమందు ఎక్కువైన పంచెలా వస్తోంది. వారమంతా దీనితోనే సరిపోయింది.

పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేసే డిజిటల్ ఫొటోగ్రాఫర్ ట్రేడ్ ఏడాది కోర్సు. అందులో బయటికి రాగానే నాలుగు డబ్బులు తెచ్చే పని పాస్‌పోర్టు, వీసా ఫొటోలే. అందులోనూ అమెరికా వీసా ఫొటో గట్టి పరీక్ష. 2×2 అంగుళాలు, గడ్డం నుంచి నడినెత్తి దాకా 25 నుంచి 35 మిల్లీమీటర్లు, కళ్లజోడు వద్దు. ఫైలైతే 600 నుంచి 1200 పిక్సెళ్ల చదరం, 240 కేబీ లోపు. ఇదంతా క్రాపింగ్‌తో తేలిపోతుంది. చిక్కంతా బ్యాక్‌గ్రౌండ్‌దే. ఫొటోను డిజిటల్‌గా మార్చకూడదని రూలుంది కాబట్టి యాప్‌లో వెనక కోసేసి తెలుపు అతికించడం కుదరదు. కుదిరినా అది ఫొటోగ్రాఫర్ చేయాల్సిన పని కాదు, చెవుల దగ్గర జుట్టంతా కత్తెర పెట్టినట్టు అవుతుంది. తెలుపు కెమెరాలోనే రావాలి.

సెటప్ ఇదీ. 10×14 అడుగుల గది. తెర నుంచి స్టూలు 5 అడుగులు, స్టూలు నుంచి కెమెరా 6 అడుగులు. కెనాన్ 1500డి, 50 ఎంఎం లెన్స్, ఐఎస్ఓ 100, షట్టర్ 1/125 సెకను, లెన్స్ రంధ్రం ఎఫ్/8. ముఖానికి గోడాక్స్ ఎస్‌కె 400 స్టూడియో ఫ్లాష్, దాని మీద 60×90 సెం.మీ. సాఫ్ట్‌బాక్స్. తెర మీదికి రెండు పక్కల నుంచి గోడాక్స్ టీటీ 600 చిన్న ఫ్లాష్‌లు, 1/16 పవర్‌లో, వాటి వెలుగు చెంపల మీద పడకుండా నల్ల చార్టులు అడ్డం. తెర మామూలు తెల్ల కాటన్ గుడ్డ. వెలుగు కొలిచే మీటరు ముఖం దగ్గర ఎఫ్/8, తెర దగ్గర ఎఫ్/10 చూపింది, అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువన్నమాట.

గ్రే కార్డు (ఏ రంగు వైపూ మొగ్గని బూడిద అట్ట) ముఖం దగ్గర పెట్టి వైట్ బ్యాలెన్స్ తీసుకుంటే, అంటే ఇదే తటస్థ రంగని కెమెరాకి చెప్తే, 0 నుంచి 255 కొలతలో కార్డు మూడు రంగుల్లోనూ 118 దగ్గర సమంగా ఉంది. తెర మీద మాత్రం ఎరుపు 236, ఆకుపచ్చ 242, నీలం 253. ఎరుపుకీ నీలానికీ 17 తేడా.

కిటికీ వెలుగు కలుస్తోందేమోనని మొదటి అనుమానం. ఫ్లాష్‌లు ఆపి అదే సెట్టింగ్‌లో తీస్తే ఫ్రేమ్ మొత్తం నలుపు. కిటికీకి సంబంధం లేదు.

రెండోది ఫ్లాష్‌ల మీద. టీటీ 600 లాంటి స్పీడ్‌లైట్ (కెమెరా నెత్తిన కూడా పెట్టుకునే చిన్న ఫ్లాష్) పవర్ తగ్గించేకొద్దీ మెరుపు తొందరగా తెగిపోతుంది, రంగు నీలం వైపు జరుగుతుంది. ఎస్‌కె రకం పాత పద్ధతి స్టూడియో ఫ్లాష్‌లో పవర్ తగ్గిస్తే వోల్టేజి తగ్గుతుంది కాబట్టి రంగు ఎరుపు వైపు జరుగుతుంది. రెండూ కలిపి వాడితే ముఖానికో రంగు, తెరకో రంగు. అందుకని తెరకి కూడా ఎస్‌కె 400లే పెట్టి, గ్రే కార్డును తెరకి ఆనించి చూస్తే, ముందు టీటీ 600లతో కార్డు మీద 5 ఉన్న ఎరుపు, నీలం తేడా 1కి దిగింది. లైటు బాగుపడింది. గుడ్డ మీద తేడా మాత్రం 17 నుంచి 19కి పెరిగింది!

గుట్టు ఇక్కడే బయటపడింది. ఒకే లైటు కింద, ఒకే చోట కార్డు తటస్థంగా ఉండి గుడ్డ నీలంగా ఉందంటే ఆ నీలం గుడ్డలోంచే వస్తోంది. నోట్లు చూసే యూవీ (అతినీలలోహిత) టార్చి తెచ్చి చీకట్లో వేస్తే గుడ్డ వెలిగిపోయింది. మిల్లు తెలుపు కోసం, బట్టల సబ్బు పొడి మెరుపు కోసం కలిపే బ్రైటెనర్ల పని అది. కంటికి కనపడని యూవీని మింగి నీలంగా బయటికి వదులుతాయి. ఎస్‌కె ట్యూబు ముందు స్పీడ్‌లైట్‌కున్నట్టు ప్లాస్టిక్ పలక లేదు కాబట్టి యూవీ ఇంకా ఎక్కువ తగిలినట్టుంది, తేడా పెరగడానికి అదే కారణమని అంచనా.

అసలు నీలిమందే మిగిలి ఉందేమో కూడా తేల్చాలి. యూవీ దాదాపు ఉండని ఎల్ఈడీ ప్యానెల్ కింద మళ్లీ వైట్ బ్యాలెన్స్ తీసుకుని చూస్తే తేడా 4. నీలిమందే అయితే ఎల్ఈడీ కింద కూడా నీలం అలాగే ఉండేది. కాబట్టి దోషం బ్రైటెనర్‌దే.

ఇక విరుగుడు. తెర లైటు ఎఫ్/13 దాకా పెంచితే మూడు రంగులూ 255 కొట్టేసి నీలం మాయమైంది. కానీ చెవుల అంచులు, పాపిడి పక్కన లేచిన వెంట్రుకలు తెలుపులో కరిగిపోయాయి. ఇది పనికిరాదు. కోరా గుడ్డ యూవీ కింద వెలగదు గానీ ఎరుపు 250, నీలం 237 వచ్చి పసుపు తిరిగింది. తెలుపుకు దగ్గరి రంగైనా రూలు ఒప్పుకుంటుంది, అయినా చూపుకి పాత ఫొటోలా ఉంది. ఫ్లెక్స్ షీటు అయితే కొనొద్దనే చెప్తాను, మధ్యలో మెరుపు మచ్చ పడి తీరుతుంది. నాన్ వోవెన్ (నేయకుండా పీచు అతికించి చేసే) తెరలకి మడతలు పోవు, తెచ్చిన ముక్క యూవీ కింద గుడ్డకన్నా ఎక్కువ వెలిగింది. 2.72 మీటర్ల పేపరు రోలు బాగుంటుంది గానీ ముఖం ఫొటోకి అంత వెడల్పు దండగ.

బాగా తేలింది పెయింటు. తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ యూవీని తనలోనే ఆపేస్తుంది. అడుగు ప్లైవుడ్ ముక్కకి ఒక కోటు ప్రైమరు, రెండు కోట్లు మ్యాట్ ఎమల్షన్ (మెరుపు లేని గోడ పెయింటు) వేసి ఎఫ్/10లో తీస్తే ఎరుపు 246, నీలం 250. షాపులో రంగు ఏమీ కలపని ఉత్త తెలుపే అడగాలి, తెలుపు ఎక్కువ కనపడాలని చుక్క నీలం కలిపేవాళ్లు కూడా ఉంటారు.

ఆ మిగిలిన 4 లేత నీలం గోడల నుంచి తిరిగొస్తోందని అనుమానం. వచ్చే వారం రెండు గోడలకీ నల్ల దుప్పట్లు కట్టి, 4×6 అడుగుల 6 ఎంఎం ప్లైవుడ్ మొత్తానికి పెయింటు వేసి మళ్లీ కొలవాలి. తెల్ల చున్నీ వేసుకున్నవాళ్లని కూడా అదే బోర్డు ముందు కూర్చోబెట్టి చూడాలి, ఈ బ్రైటెనర్ చున్నీలో కూడా ఉంటుంది. ఆ తరవాత పెంబర్తి ఇత్తడి సామాను ఫొటోలు. దానికి ఈ బోర్డునే అడ్డంగా పడుకోబెట్టి, పైన ట్రేసింగ్ పేపరు గుడారం కట్టాలని ఉంది.