చిట్టికి గింజలు అలవాటు చేసే రోజుల్లో నాకొచ్చిన జ్వరం

చిట్టి మా ఇంటి కాకటీల్ పిల్ల. కాకటీల్ అంటే చిలక జాతికే చెందిన చిన్న పక్షి. రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకని మా అమ్మాయి ఈ ఆస్ట్రేలియా జాతి పక్షిని ఎంచుకుంది. కళ్లు తెరిచి, ఈకలు ఇంకా పూర్తిగా రాని వయసులో ఇంటికొచ్చింది. అమ్మాయి పొద్దున్నే కాలేజీకి వెళ్లిపోతుంది కాబట్టి సిరంజితో మేత పెట్టే పని నాది. చాలా ఇష్టంగా చేశాను ఆ పని.

పక్షిపిల్లల మేతగా అమ్మే ఫార్ములా పొడి వేడినీళ్లలో కలిపి, థర్మామీటరు పెట్టి, 39 నుంచి 41 డిగ్రీల మధ్యకు వచ్చేదాకా ఆగాలి. చల్లబడితే పిల్ల మింగదు, మింగినా మెడ కింద మేత నిలవుండే సంచిలో, అంటే క్రాప్‌లో, అరగకుండా నిలిచిపోతుంది. మరీ వేడిగా పెడితే క్రాప్ లోపలి చర్మం కాలిపోతుంది. ముక్కుకు దాని ఎడమవైపు నుంచి సిరంజి పెట్టి నెమ్మదిగా వదిలితే, తల ఎగరేస్తూ, గీమంటూ తాగేది.

ఆరు వారాలు దాటాక సొంతంగా తినడం నేర్పడం మొదలుపెట్టాను. "ఇక దీనికి అన్నప్రాశనే" అన్నారు మా అత్తయ్యగారు. మొలకెత్తిన పెసలు, ఉడికించిన మొక్కజొన్న, క్యారెట్ తురుము, కొత్తిమీర, ఒక కొర్రకంకి గూట్లో పెట్టేదాన్ని. ఉడికినవి మన ఎండలకు తొందరగా పులిసిపోతాయి, కాసేపటికే తీసేయాలి. ముందు మధ్యాహ్నం సిరంజి తగ్గించాలి, రాత్రిది అన్నిటికంటే చివర మానాలి. రెండు రోజులు ఆకలితో ఉంచితే అదే తింటుందని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. పిల్లకు గింజ ఒలవడం రాదు, ఆకలి దానికి ఒలవడం నేర్పదు. వంటింటి త్రాసు మీద రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందే, బరువు చూడాలి. ఎగరడం నేర్చుకునే ఈ వయసులో కాస్త బరువు తగ్గడం సహజం. పదోవంతుకు మించి తగ్గితే మాత్రం ఆగి మళ్లీ సిరంజి పట్టుకోవాల్సిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు జ్వరం వచ్చింది.

విజయవాడలో వానాకాలం జ్వరమంటే అందరి నోటా ముందు వచ్చే మాట డెంగ్యూ. ఆ పరీక్షలో లేదని వచ్చింది. మలేరియా కాదన్నారు. తలనొప్పి మాత్రం నేను జన్మలో ఎరగనంత తలనొప్పి, కిటికీ తెర తీస్తే కేకలు పెట్టేదాన్ని. ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, పొడిదగ్గు. ముందు చూపించిన చోట ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా జ్వరం దిగలేదు. స్నానాల గదికి వెళ్లొస్తే ఆయాసం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనపడింది.

ఊపిరితిత్తుల డాక్టరుగారు ఎక్స్‌రే పక్కన పెట్టి, "ఇంట్లో పావురాలు గానీ చిలకలు గానీ ఉన్నాయామ్మా?" అని అడిగారు. మా ఆయన చిట్టి సంగతి చెప్పగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. దాని రెట్టలు ఎలా ఉన్నాయి, గూడు ఎవరు శుభ్రం చేస్తారు, ఎప్పటినుంచి ఉంది, అన్నీ అడిగి తెలుసుకున్నారు. సిట్టకోసిస్ కావచ్చన్నారు. చిలక జ్వరం అంటారట మామూలు మాటల్లో. క్లామిడియా సిట్టసై అనే సూక్ష్మజీవి అది సోకిన పక్షి రెట్టల్లో, ముక్కు స్రావాల్లో ఉంటుంది. ఎండిన రెట్ట పొడి గాలిలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అది మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది కాబట్టి పెన్సిలిన్ జాతి మందులకు లొంగదు. పరీక్షలకు రక్తం పంపినా, ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే డాక్సీసైక్లిన్ అనే వేరే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదని ఆయన చెప్పాకగానీ అత్తయ్యగారు కుదుటపడలేదు.

రెండో రోజుకే జ్వరం దిగడం మొదలైంది. అన్నాళ్లు నన్ను కాల్చేసిన జ్వరం అలా తగ్గుతుంటే మా ఆయన థర్మామీటరు నమ్మక రెండోది కొనుక్కొచ్చారు. మాత్రను గ్లాసు నిండా నీళ్లతో కూర్చుని వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు. పాలు, క్యాల్షియం మాత్రలు దానితో కలిపి తీసుకుంటే మందు ఒంటికి పట్టదు.

ఇటు నేను మంచంలో ఉంటే, అటు చిట్టి ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుంది. రెట్ట పచ్చగా, నీళ్లగా. కంట్లో నీరు. అంతకుముందు వారం ముక్కుతో పొడుస్తున్న పెసల వైపు చూడటం కూడా మానేసింది. మా ఆయన దాన్ని గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లారు. అక్కడ విన్నది మాకు బాగా ఉపయోగపడింది. పక్షి ఒంట్లో ఈ జీవి ఏ లక్షణమూ లేకుండా ఉండగలదు. ఊరు మారినప్పుడు, గుంపులో ఇరుక్కున్నప్పుడు, సిరంజి మాని సొంతంగా తినడం నేర్చుకునేటప్పుడు ఒంటికి కలిగే ఒత్తిడితో అది రెట్టల్లో ఎక్కువగా బయటపడుతుంది. గింజలు అలవాటు చేసే వారాల్లోనే నాకు జ్వరం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

పక్షికి కూడా అదే మందు, 45 రోజులు. ఫార్ములాలో క్యాల్షియం ఉంటుంది కనుక మందుకీ మేతకీ మధ్య ఎడం ఉండాలి. గూట్లో క్యాల్షియం కోసం వేలాడదీసిన కటిల్‌బోన్ (ఒక సముద్రజీవి పెంకు) తీసేయమన్నారు. గింజల పాఠం పూర్తిగా ఆపేసి, మళ్లీ చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టమన్నారు.

పక్షిని వదిలించుకోమని చెప్పని బంధువు లేడు. ఎక్కడికి వదలాలి? తిండి వెతుక్కోవడం రాని పిల్ల, మన దేశం పక్షి కూడా కాదు. జబ్బుతో మరొకరింటికి ఇవ్వడం అంతకన్నా అన్యాయం. మా అమ్మాయి ఎన్-95 మాస్కు, చేతికి తొడుగులు వేసుకుని చిట్టికి పెట్టే పని, గూడు శుభ్రం చేసే పని అందుకుంది. గూటి కింద కాగితాన్ని ముందు నీళ్లతో తడిపి, దుమ్ము లేవకుండా మడిచి తీసేది. గూడు వెనక వసారాలోకి మారింది. నేను పడకగదిలోంచి ఫోన్ వీడియోలో చూసేదాన్ని.

"అమ్మా, క్రాప్ ఇంకా నిండుగానే ఉంది, పెట్టనా?"

"వద్దు, ఖాళీ అయ్యేదాకా ఆగు."

నేను కోలుకోవడం అనుకున్నంత తొందరగా జరగలేదు. జ్వరం పోయినా నీరసం వారాల తరబడి వదల్లేదు. నోరంతా చేదు. అత్తయ్యగారు రాగిజావ, తర్వాత చారన్నం, తర్వాత పప్పన్నం, ఏ పూటా బలవంతపెట్టకుండా, నేను వద్దన్న చోట గిన్నె తీసేస్తూ పెట్టారు. ఎనభై ఏళ్ల మనిషి నా మంచం పక్కన అలా కూర్చోవడం నేను మరచిపోను.

చిట్టి బరువు పెరిగి, రెట్ట గట్టిపడ్డాక, కొర్రకంకి మళ్లీ గూట్లోకి వచ్చింది. ఈసారి ఏ తొందరా లేదు. మొదటి గింజ పొట్టు ఒలిచింది మా అమ్మాయి ముందే. మధ్యాహ్నపు సిరంజి మానింది, పొద్దుటిదీ మానింది, రాత్రిది మాత్రం చాలాకాలం అడిగింది. అడిగినన్నాళ్లూ పెట్టాం. ఒక రాత్రి సిరంజి చూసి తల పక్కకు తిప్పేసి, పెసల గిన్నె దగ్గరికి నడిచింది. మాస్కు వేసుకుని నేనూ అక్కడే ఉన్నాను. చాలా సంతోషపడ్డాను.

మళ్లీ తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. ఇప్పటికీ గూడు శుభ్రం చేసేటప్పుడు మాస్కు తీయం. కాకటీల్ ఈకల నుంచి జబ్బు లేకపోయినా పొడి రాలుతూనే ఉంటుంది.

పిల్లను అమ్మినాయనకు ఫోన్ చేస్తే, అదే జంట పిల్లల్లో ఇంకొకటి తెనాలిలో ఒక ఇంటికి వెళ్లిందని చెప్పి నంబరిచ్చారు. నేనే మాట్లాడాను. వాళ్ల పిల్ల కూడా సొంతంగా తినకుండా కూర్చుందట. ఇంట్లో పెద్దాయనకు తగ్గని దగ్గు. డాక్టరు దగ్గరికి వెళ్లగానే ముందు చిలక సంగతి చెప్పమన్నాను. ఆ సాయంత్రమే వెళ్లారు. పక్షిని మర్నాడు గన్నవరం తీసుకెళ్లారు.