కేప్ కోస్ట్ బజారులో పందుంపుల్ల

ఘనాలోని కేప్ కోస్ట్ వెళ్ళింది కాకుమ్ నేషనల్ పార్కు అడవి చూద్దామని. తీరా రాయడానికి కూర్చుంటే అడవి కంటే ముందు బజారులో కొన్న పళ్ళపుల్లలే గుర్తొస్తున్నాయి.

అక్రాలో తమ్ముడింట్లో దిగాను. కనేషీ స్టాండులో ట్రోట్రో, అంటే అక్కడి మినీబస్సు, ఎక్కితే ఆఖరి సీటు నిండేదాకా కదల్లేదు. మన షేర్ ఆటోల పద్ధతే. గంట పైనే ఉక్కపోతలో కూర్చోబెట్టారు. కేప్ కోస్ట్‌లో దిగేసరికి విసుగు, ఆకలి, తలనొప్పి. కోటొకురాబా మార్కెట్లో కాసేపు నీడన నిలబడదామని ఒక ముసలావిడ కొట్టు దగ్గర ఆగాను. ముందున్న తట్టలో పసుపుపచ్చ పుల్లల కట్టలు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఆంటీ, పళ్ళు తోముకోవడానికేనా?" అన్నాను. అక్కడా పెద్దవాళ్ళను ఆంటీ అనే పిలుస్తారు. నవ్వి ఒకటి చేతిలో పెట్టింది. "ట్వియాపియా" అంది.

నమిలాను. ముందు వగరు, తర్వాత నాలుక మొదట్లో చేదు. చివర మెత్తబడి కుంచెలా విచ్చుకుంది. ఒక్కసారి మా తాతయ్య కళ్ళముందు కనిపించాడు. తెల్లవారుజామున బావిగట్టు మీది వేపచెట్టుకు ఒకే ఒక్క పుల్ల విరిచేవాడు. తోముకున్నాక దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకునేవాడు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

అప్పుడు చేతిలో పుల్లను సరిగ్గా చూశాను. గుండ్రంగా లేదు. పైన బెరడు లేదు. పలకలు పలకలుగా ఉంది. "ఇది కొమ్మ కాదా ఆంటీ?" అంటే, కాదని తల ఊపి, రెండు చేతులూ చాచి మాను లావు చూపించింది. చెట్టు పడగొట్టి, దుంగ కోసి, ఆ దుంగను కట్టెల్లా చీల్చి చేస్తారట. ఇదివరకు దగ్గర అడవుల్లోనే దొరికేదట, ఇప్పుడు లారీల మీద ఎక్కణ్ణుంచో వస్తోందట.

మర్నాడు కాకుమ్. కేప్ కోస్ట్ నుంచి ముప్పై కిలోమీటర్లకు టాక్సీవాడు అడిగిన డబ్బు వింటే ఒళ్ళు మండింది. బేరమాడితే సగానికి దిగాడు. దారి పొడుగునా కోకో తోటలే, పార్కు సరిహద్దు దాకా. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఘనా, ఐవరీ కోస్టులవే. ఆ తోటలన్నీ ఒకప్పటి అడవి నేల మీదే. చెట్ల మీది తాళ్ళ వంతెనలు, ఏడు కలిపి 350 మీటర్లు, అందరూ రాసినవే కాబట్టి వదిలేస్తున్నా.

కింద నడుస్తుంటే గైడు ఒక సన్నటి మొక్క దగ్గర ఆగాడు. గార్సీనియా కోలా, మా ఆంటీ తట్టలోని ట్వియాపియా. దాని గింజలే బిట్టర్ కోలా, నైజీరియా దాకా చుట్టాలొస్తే నమలడానికి పెడతారు. గింజ మొలకెత్తడానికే నెలలు పడుతుంది, తర్వాతా నిదానంగానే ఎదుగుతుంది. కాయ కాసే వయసుకు రాకముందే గొడ్డలి పడితే ఇక విత్తనమెక్కడిది? పళ్ళపుల్లల కోసమే నరికే దీని చుట్టాలు గార్సీనియా అఫ్జెలియై, గార్సీనియా ఎపంక్టాటా కూడా ప్రమాదంలో ఉన్న చెట్ల జాబితాలోకి ఎక్కాయి. కలప కోసం కొట్టే ఒడుమ్, మహాగనీల గురించి అడిగేవాళ్ళున్నారు గానీ పళ్ళపుల్ల చెట్టును ఎవరడుగుతారు?

ఆంటీని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. బ్రష్షూ పేస్టూ కొనలేని ఇంటికి ఆ పుల్లే దిక్కు. బాధేమిటంటే, అక్రాలో తమ్ముడి వీధిలో బారుగా వేపచెట్లు! బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశం నుంచి వెళ్ళిన జాతి. విరిచినకొద్దీ చిగురించే కొమ్మలు అక్కడుండగా, అడవిలో మాను కూలడం నాకు మింగుడు పడలేదు.

కొన్న కట్ట ఇంటికి తెచ్చాను. అమ్మ ఒక పుల్ల తీసి వాసన చూసి, వేలితో అంచు తడిమి, "మాను కర్రరా ఇది. దీనికోసం చెట్టు కొట్టారా?" అంది.